ఈ బడి ఫొటో ఏ సంవత్సరానిది?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాత ఉన్నత పాఠశాలల హెడ్మాస్టరు గదుల్లోనూ, పల్లెల్లో పెద్దవాళ్ల ఇళ్ల గోడల మీదా తరగతి గ్రూపు ఫొటోలు ఇంకా చాలానే మిగిలి ఉన్నాయి. ముందు నేల మీద చిన్నపిల్లలు, వారి వెనుక కుర్చీల్లో ఉపాధ్యాయులు, ఆ వెనుక నిలబడినవాళ్లు, అందరికన్నా పైన బల్లలెక్కిన పొడుగువాళ్లు. సంవత్సరం మాత్రం చాలావాటి మీద ఉండదు. రాసి ఉన్నా, అది చెదలు తిన్న అంచునే ఉంటుంది. బడి రికార్డులన్నీ సంవత్సరాల వారీగా ఉంటాయి కాబట్టి, ఏడాది తెలియకపోతే ఏ రిజిస్టరు తెరవాలో తెలియదు, రిజిస్టరు తెరవకపోతే ఆ ముఖాలకు పేర్లు దొరకవు. కాలం కట్టే శ్రమ అంతా చివరికి ఆ పేర్ల కోసమే.

ఈ పనిలో మొదట వదిలిపెట్టాల్సింది ఒక్క చూపుతో ఏడాది చెప్పేయాలనే ఆత్రం. ఫొటోలోని ప్రతి ఆధారమూ రెండు మాటల్లో ఒకటే చెబుతుంది: ఇది ఫలానా ఏటికి ముందుది కాదు, లేదా ఫలానా ఏటి తర్వాతది కాదు. అలాంటి హద్దులు రెండు వైపుల నుంచీ దగ్గరకు వస్తూ ఉంటే మధ్యలో మిగిలే కాలమే జవాబు. కొన్ని ఫొటోలకు అది ఒక్క విద్యా సంవత్సరం దాకా ఇరుకవుతుంది. కొన్నింటికి పదేళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఆగిన చోటును ఆగినట్టే చెప్పడం నిజాయితీ.

ఈ రెండు జిల్లాల ఫొటోలకు మిగతా చోట్ల లేని ఒక సౌకర్యం ఉంది. ఇక్కడి ఊళ్లు జిల్లాలు మారినన్ని సార్లు ఆంధ్రదేశంలో చాలా ఊళ్లు మారలేదు. ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. కందుకూరు, కనిగిరి, పొదిలి మాత్రం నెల్లూరులోనే ఉండిపోయాయి. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు నుంచి ఆ ప్రాంతాలను, గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల ప్రాంతాలను, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరులను కలిపి ఒంగోలు జిల్లాను ఏర్పాటు చేశారు. 1972 డిసెంబరు 5న దానికి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. ఈ ఐదు వాక్యాలు గుర్తుంటే ఫొటో అతికించిన అట్ట మీద ఊరి పేరు కింద ఉన్న జిల్లా పేరే సగం పని చేసిపెడుతుంది. 'గుంటూరు జిల్లా, ఒంగోలు' అని ఉంటే ఆ అట్ట 1904కూ 1970కీ నడుమది. 'నెల్లూరు జిల్లా, కనిగిరి' అని ఉంటే 1970 ఫిబ్రవరికి ముందుది. 'ఒంగోలు జిల్లా' అని అచ్చయి ఉంటే ఇంకా మేలు, ఆ పేరు నడిచింది మూడేళ్ల లోపే.

కందుకూరు విషయంలో కాస్త జాగ్రత్త కావాలి. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో కందుకూరు మళ్లీ నెల్లూరు జిల్లాలో కలిసింది. కాబట్టి 'నెల్లూరు జిల్లా, కందుకూరు' అన్న రాత 1970కి ముందుదైనా కావచ్చు, పూర్వ విద్యార్థులు 2022 తర్వాత కొత్తగా ఫ్రేము కట్టించిన ప్రతి మీదిదైనా కావచ్చు. 'శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా' అని ఉంటే ఆ రాత 2008 తర్వాతది, ఎందుకంటే జిల్లాకు ఆ పేరు వచ్చింది అప్పుడే. అయితే ఆ రాత కింద ఉన్న బొమ్మ 1940ల నాటిది కావడానికి ఏ అడ్డూ లేదు. రాతకు ఒక వయసు, బొమ్మకు ఒక వయసు. కాలం కట్టేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఈ రెండింటినీ ఒకటిగా చూసినప్పుడే.

జిల్లా పేరు తర్వాత బడి పేరు చూడాలి. జిల్లా బోర్డుల కాలంలో అవి బోర్డు హైస్కూళ్లు. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం వచ్చాక జిల్లా పరిషత్ హైస్కూళ్లయ్యాయి. చిన్న బడులైతే పంచాయతీ సమితి ఎలిమెంటరీ స్కూళ్లయ్యాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తర్వాతి కాలంలో సమితి బడులు మండల పరిషత్ బడులయ్యాయి. చట్టం వచ్చిన మర్నాడే గోడ మీద బోర్డు మారదు. అందువల్ల 'జిల్లా పరిషత్' అన్న పేరు కింది హద్దుగా గట్టిది: 1959కి ముందు ఆ మాట ఉండే వీలే లేదు. 'బోర్డు హైస్కూలు' అన్న పేరు పై హద్దుగా అంత గట్టిది కాదు, పాత బోర్డు ఇంకొన్నేళ్లు వేలాడి ఉండవచ్చు.

మిషన్ బడుల సంగతి వేరు. నెల్లూరు, ఒంగోలు రెండూ అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు పాత కేంద్రాలు. ఆ మిషన్‌కు చెందిన మిషనరీ జాన్ క్లౌ ఒంగోలుకు 1866లో వచ్చాడు. అలాంటి బడుల పేర్లు ప్రభుత్వ చట్టాలతో మారలేదు కాబట్టి పేరుతో లాభం తక్కువ. కానీ మిషనరీలు తమ దేశానికి ఉత్తరాలు, నివేదికలు పంపే అలవాటున్నవాళ్లు. దొర, దొరసాని కూర్చున్న ఫొటో అయితే వాళ్లు ఏ ఏడాది వచ్చారు, ఎప్పుడు సెలవు మీద వెళ్లారు, ఎప్పుడు బదిలీ అయ్యారు అన్నది మిషన్ కాగితాల్లో వెతకవచ్చు.

పలక మీద గానీ అట్ట మీద గానీ తరగతి పేరుంటే అదీ మాట్లాడుతుంది. మద్రాసు రాష్ట్ర పద్ధతిలో నేటి ఆరో తరగతి ఫస్ట్ ఫారం, పదకొండో తరగతి సిక్స్త్ ఫారం, చివర ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష. ఈ పరీక్ష 1911లో మొదలైంది. 1969-70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చాక పదో తరగతే బడిలో ఆఖరి తరగతి అయింది. 'మల్టీపర్పస్' అన్న మాట బడి పేరులో ఉంటే అది మాధ్యమిక విద్య మీద వేసిన 1952-53 నాటి ముదలియార్ కమిషన్ సిఫారసుల తర్వాతది. పేర్ల పక్కన ఉండే గౌరవ వాచకాలు, డిగ్రీలు కూడా చదవాలి. పాత అట్టల మీద ఉపాధ్యాయుల పేర్ల ముందు 'మ.రా.రా.శ్రీ' (మహారాజరాజశ్రీ) కనిపిస్తుంది, స్వాతంత్ర్యం వచ్చాక క్రమంగా ఒట్టి 'శ్రీ' మిగిలింది. 'రావు సాహెబ్', 'రావు బహదూర్' బిరుదులు బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చినవి, 1947తో ఆగిపోయాయి. పేరు వెనుక ఎల్.టి. (పాత ఉపాధ్యాయ శిక్షణ డిగ్రీ) అని ఉన్నవాళ్లు పాతతరం, బి.ఇడి. అని ఉన్నవాళ్లు తర్వాతి తరం. ఒకే వరుసలో రెండు డిగ్రీలూ కలిసి ఉంటే తరం మారుతున్న కాలం అనుకోవచ్చు, అంతకన్నా కచ్చితంగా అనుకోకూడదు.

కొందరు తెలుగు సంవత్సరం పేరు రాసేవారు. అరవై ఏళ్ల చక్రం కాబట్టి తికమక అరుదు. ఉదాహరణకు 'ఖర' అంటే 1951-52, లేదా 1891-92, లేదా 2011-12. బొమ్మ చూడగానే ఈ మూడింటిలో రెండు రాలిపోతాయి. ఉగాది మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది కాబట్టి 1952 ఫిబ్రవరిలో తీసిన వీడ్కోలు ఫొటో కూడా 'ఖర' కిందికే వస్తుందని మరవకూడదు.

అట్ట వెనుక పెన్సిలుతో రాసిన ధరను చాలామంది పట్టించుకోరు. మూడు అంకెలు గీతలతో విడదీసి, రూపాయలు, అణాలు, పైలుగా రాసి ఉంటే అది పాత లెక్క. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. వాడుకలో అణాలు కొన్నేళ్లు నిలిచినా, లెక్క రాసుకునే స్టూడియోవాడు ఎక్కువ కాలం పాత పద్ధతిలో రాసి ఉండడు. స్టూడియో ముద్రలో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే ఆ అట్ట 1972 ఆగస్టు 15 తర్వాతది. కాగితం వెనుక 'ఇందు' అన్న పేరు కనిపిస్తే ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ ఉత్పత్తి మొదలైన 1967కి ముందుది కాదు.

ఇక కాగితం. బొమ్మ ఎప్పటిదన్న ప్రశ్నకు ముందు, చేతిలో ఉన్న అచ్చు ప్రతి ఎప్పటిదన్న ప్రశ్న తేలాలి. పెద్ద గాజు ప్లేటు నుంచి నేరుగా కాగితానికి ఆనించి తీసిన ప్రతిలో వివరం అద్భుతంగా ఉంటుంది: భూతద్దంతో చూస్తే వెనుక వరుసలోని కుర్రవాడి చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టవచ్చు. నల్లటి భాగాల అంచుల్లో పక్కకు వంచి చూసినప్పుడు అద్దంలా వెండి మెరుపు కనిపిస్తే అది పాతబడిన వెండి ప్రతి అనడానికి మంచి గుర్తు. వెనుకవైపు ప్లాస్టిక్‌లా నున్నగా తగిలే కాగితం 1960ల చివరికి ముందు లేదు. నకిలీ నోట్లు పట్టడానికి దుకాణాల్లో వాడే నీలి దీపం కూడా ఇక్కడ పనికొస్తుంది. 1950ల నుంచి ఫొటో కాగితాల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఆ వెలుగులో నీలంగా మెరుస్తుంది. చీకటి గదిలో మెరిస్తే ఆ ప్రతి 1950ల ముందుది కాదని దాదాపు చెప్పవచ్చు. మెరవకపోతే ఏమీ తేలదు, ఎందుకంటే ఆ తర్వాత కూడా అది కలపని కాగితాలు ఉన్నాయి.

నకలు ప్రతిని పట్టుకోవడానికి వేలు చాలు. బొమ్మలో మడత గీత కనిపిస్తున్నా, వేలితో తడిమితే ఉపరితలం నున్నగా ఉంటే, ఆ మడత అసలు ఫొటోది. మన చేతిలో ఉన్నది దాన్ని మళ్లీ ఫొటో తీసిన ప్రతి. నలుపు మరీ నలుపుగా, తెలుపు మరీ తెలుపుగా ఉండి మధ్య ఛాయలు పోవడం ఇంకో గుర్తు. అలాంటప్పుడు కాగితం చెప్పేదంతా నకలు కాలం గురించే. బొమ్మ అంతకన్నా పాతది అన్న ఒక్క మాటే దాని నుంచి తీసుకోవాలి.

బొమ్మ లోపలికి వెళితే, వరండా గోడ మీద ఏముందో మొదట చూడాలి. రాజుగారి పటం ఉంటే ఏ జార్జి అన్నది గడ్డం చెబుతుంది. గడ్డమున్న ఐదో జార్జి 1910 నుంచి 1936 వరకు, గడ్డం లేని ఆరో జార్జి ఆ తర్వాత. జెండా ఉంటే మధ్యలో రాట్నమా, అశోక చక్రమా చూడాలి. చక్రమున్న జెండాను రాజ్యాంగ సభ ఆమోదించింది 1947 జులై 22న. దేశపటం కనిపిస్తే మద్రాసు రాష్ట్రం ఎంతవరకు ఉందో చూడాలి. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న, ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న ఏర్పడ్డాయి. ఎన్.సి.సి. దుస్తుల్లో పిల్లలుంటే 1948కి ముందుది కాదు. ఇవన్నీ కింది హద్దులే. పాత పటం గోడ మీద ఎన్నేళ్లు ఉండిపోయిందో ఎవరూ చెప్పలేరు కనుక పై హద్దుగా వీటిని వాడకూడదు.

దుస్తుల గురించి అందరూ ముందే మాట్లాడతారు. ఆధారాలన్నింటిలో అతి బలహీనమైనది అదే. నెల్లూరు పట్టణంలో ప్యాంట్లు వచ్చిన చాలా ఏళ్లకు కూడా ఉదయగిరి వైపు పల్లెల్లో పెద్ద తరగతి విద్యార్థులు పంచెలతోనే బడికి వెళ్లారు. తండ్రి కోటు కొడుక్కి, అన్న నిక్కరు తమ్ముడికి వచ్చిన ఇళ్లవి. ఫొటో కోసం పక్కింటి చొక్కా అడిగి తెచ్చుకున్న పిల్లలు ఎందరో. కాళ్లకు చెప్పులు లేకపోవడం పేదరికాన్ని చెబుతుంది గానీ సంవత్సరాన్ని చెప్పదు. పిలకలు, తలపాగాలు, ఉత్తరీయాలు ఎక్కువగా ఉంటే పాతది, వెడల్పు కాళ్ల ప్యాంట్లు, పొడుగు కాలర్లు ఉంటే 1970లది అనేంతవరకే దుస్తుల మాట వినాలి. చేతి గడియారాలు ఎవరికి ఉన్నాయన్నది అంతకన్నా కాస్త మేలైన గుర్తు. బెంగళూరు హెచ్.ఎం.టి. గడియారాలు 1960ల మొదట్లో వచ్చాక పల్లె ఉపాధ్యాయుల చేతులకు కూడా గడియారం చేరింది.

నీడ సంవత్సరం చెప్పదు, నెల చెబుతుంది. ఆ నెల ఒక్కోసారి రెండు విద్యా సంవత్సరాల మధ్య తగువు తీరుస్తుంది. నెల్లూరు, ఒంగోలు 14, 15 డిగ్రీల ఉత్తర అక్షాంశాల దగ్గర ఉన్నాయి. ఇక్కడ జూన్ చివర సూర్యుడు తూర్పుకు దాదాపు 24 డిగ్రీలు ఉత్తరంగా ఉదయిస్తాడు, డిసెంబరు చివర అంతే దక్షిణంగా. బడి భవనం ఇంకా నిలిచి ఉంటే, ఫోనులోని దిక్సూచితో వరండా ఎటు తిరిగి ఉందో కొలిచి, ఫొటోలో స్తంభాల నీడ ఏ వైపు వాలిందో పోల్చవచ్చు. ఉదయపు నీడ పడమర నుంచి బాగా ఉత్తరానికి వాలితే చలికాలం, దక్షిణానికి వాలితే బడులు తెరిచిన కొత్త. దీనికి ముందు బొమ్మ తిరగబడలేదని నిర్ధారించుకోవాలి. ప్లేటును వెనుక వైపుకు తిప్పి పెట్టి అచ్చు తీస్తే కుడి ఎడమవుతుంది. ఆడపిల్లల పైట ఎడమ భుజం మీదే ఉందా, మగవాళ్ల చొక్కా గుండీలు వాళ్ల కుడివైపు అంచునే ఉన్నాయా అని చూస్తే అది తేలిపోతుంది.

వీటన్నింటికన్నా గట్టి ఆధారం కుర్చీల వరుస. పిల్లలు ఏటేటా మారతారు, భవనం మారదు, ఉపాధ్యాయుల కూర్పు మాత్రం ఏ ఏటికా ఏడు ప్రత్యేకంగా ఉంటుంది. జిల్లా బోర్డు, ఆ తర్వాత జిల్లా పరిషత్ ఉపాధ్యాయులు బదిలీల మీద బతికినవాళ్లు. ఊహకు ఒక ఉదాహరణ అనుకుందాం. మధ్య కుర్చీలోని హెడ్మాస్టరు ఆ బడిలో పనిచేసింది 1948 జూన్ నుంచి 1952 ఏప్రిల్ వరకు. అతని కుడి పక్క లెక్కల మాస్టారు చేరింది 1950 జూన్‌లో. చివర నిలబడిన డ్రిల్లు మాస్టారు వెళ్లిపోయింది 1951 జులైలో. ఒక్కొక్కరినీ విడిగా చూస్తే ఏళ్ల తరబడి వ్యవధి. ముగ్గురూ ఒకేసారి ఉన్నది మాత్రం 1950 జూన్ నుంచి 1951 జులై వరకే. నీడ చలికాలం అంటే 1950-51 విద్యా సంవత్సరమే. నలుగురు ఉపాధ్యాయుల తేదీలు దొరికితే చాలు, దుస్తులు, కాగితం అవసరం కూడా ఉండకపోవచ్చు.

ఆ తేదీలు ఎక్కడ దొరుకుతాయి? హెడ్మాస్టర్ల పేర్లు, కాలాలు చాలా బడుల్లో గోడ మీద బోర్డుకే రాసి ఉంటాయి. మిగతావారి సర్వీసు రిజిస్టర్ల వివరాలు వాళ్ల కుటుంబాల్లో పింఛను కాగితాలతో పాటు భద్రంగా ఉండే అవకాశం ఎక్కువ. 1970కి ముందు కందుకూరులో పనిచేసిన మాస్టారి తర్వాతి మజిలీ గూడూరో, ఆత్మకూరో అయి ఉండవచ్చు, అప్పుడు అవన్నీ ఒకే జిల్లా. కాబట్టి ప్రకాశం జిల్లా బడి ఫొటోకు జవాబు నెల్లూరు జిల్లా బడిలో దొరకడం వింత కాదు. వరుస చివర నిలబడిన బంట్రోతును కూడా వదలకూడదు. అతను చాలాసార్లు అదే ఊరివాడు, దశాబ్దాల పాటు అదే బడిలో ఉన్నవాడు. ఒకే బడి ఫొటోలు నాలుగైదు దొరికితే, అతని జుట్టు నెరిసిన క్రమాన్ని బట్టే వాటిని ముందూ వెనుకా అమర్చవచ్చు. అట్ట మీద అతని పేరు మాత్రం తరచూ ఉండదు. ఇంత ఉపయోగపడే మనిషి పేరు ముందుగా వెతికి రాయాల్సింది.

విద్యార్థుల వైపు నుంచి వెళ్లాలంటే అడ్మిషన్ రిజిస్టరే దారి. హాజరు పట్టీలు, ఫీజు పుస్తకాలు పోయినా దీన్ని బడులు శాశ్వతంగా దాచాలి. ఒక్క విద్యార్థి పేరు తెలిస్తే చేరిన తేదీ, తరగతి, బడి విడిచిన తేదీ వస్తాయి. పుట్టిన తేదీని మాత్రం నమ్మి లెక్కలు కట్టకూడదు. చేర్చేటప్పుడు అయ్యవారు వయసు సరిపోయేలా వేసిన తేదీలు ఆ తరంలో కొల్లలు. ఆరేళ్లు ఆలస్యంగా బడికి వచ్చినవాళ్లూ, తప్పి అదే తరగతిలో కూర్చున్నవాళ్లూ ఉన్నారు. ముఖం చూసి 'పదిహేనేళ్లు ఉంటాయి' అని అంచనా కట్టి పుట్టిన తేదీకి కలిపితే వచ్చే ఏడాది కచ్చితంగా కనిపిస్తుంది గానీ నమ్మదగినది కాదు.

ఫొటోలో ఉన్నవాళ్లు బతికి ఉంటే వాళ్లను ఏడాది అడగడం వృథా. ఎనభై దాటినవారికి అంకెలు జారిపోతాయి, సంఘటనలు నిలుస్తాయి. పొట్టి శ్రీరాములు మద్రాసులో ప్రాణం విడిచారన్న వార్త, 1952 డిసెంబరు 15న, ఏ తరగతిలో ఉండగా విన్నారని అడిగితే జవాబు వెంటనే రావచ్చు. గాంధీజీ హత్య జరిగిన 1948 జనవరి 30, చైనా యుద్ధం నడిచిన 1962 శీతాకాలం, విద్యాసంస్థలు చాలాకాలం మూతపడిన 1972-73 జై ఆంధ్ర ఉద్యమం, 1977 నవంబరు ఉప్పెన, ఇలాంటివి మైలురాళ్లు. 'ఈ చెట్టు తుఫానుకు పడింది' అని ఒకరంటే ఏ తుఫాను అని ఆగి అడగాలి, 1977 నవంబరుదీ 1984 నవంబరుదీ జ్ఞాపకంలో కలిసిపోయి ఉండవచ్చు. ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడగాలి. ఒకేచోట కూర్చోబెడితే గట్టిగా చెప్పినవారి మాటే అందరి జ్ఞాపకం అయిపోతుంది.

తేలిన దాన్ని రాసే పద్ధతి కూడా ముఖ్యమే. ఫొటోను అట్ట నుంచి ఊడదీయకూడదు. ముందు, వెనుక, అట్ట అంచులతో సహా స్కాన్ చేయించాలి. అసలు ప్రతి మీద బాల్‌పెన్ను పెట్టకూడదు. విడి కాగితం మీద 'బహుశా 1950 జూన్ – 1951 జులై' అని, పక్కనే 'ముగ్గురు ఉపాధ్యాయుల సర్వీసు తేదీలను బట్టి' అని కారణం రాయాలి. ఎవరు గుర్తుపట్టారో, ఎప్పుడు గుర్తుపట్టారో రాయాలి. పేర్లను వరుసల వారీగా, ఎడమ నుంచి కుడికి, తెలియని చోట ఖాళీ వదిలి రాయాలి. ఒక ప్రతి బడికి, ఒకటి ఊరి గ్రంథాలయానికి ఇస్తే ఆ ఖాళీలు నింపగలిగినవాళ్ల కంటపడే వీలుంటుంది.